ఆయా ఊఁ కొట్టని మంచు

ద్వారకా తిరుమల కొండ వైపు తిరిగి, చెప్పులు విడిచి, చిన్న వెంకన్న సాక్షిగా ప్రమాణం చేసి చెబుతున్నాను: ఈ కింద రాసినదాంట్లో ప్రతి అక్షరమూ నిజం. నన్నెరిగినవాళ్లు ఈ మాట చదవగానే పకపకా నవ్వుతారని తెలుసు. నవ్వండి. కొల్లేట్లో ఒక కొరమేను నా గొడుగు మింగిందనీ, కోసి చూస్తే లోపల గొడుగు తెరుచుకునే ఉందనీ చెప్పినవాణ్ణి నేనే. అది కాలవగట్టు మీద సాయంకాలం కబురు. ఇది ఉద్యోగం సంగతి. ఉద్యోగంలో నేను అబద్ధమాడలేదు. నన్నెవరూ ఆడనివ్వలేదు. నా ఏడుపంతా అదే.

కొత్తగా ఆఫీసుల్లో చేరుతున్న కుర్రాళ్లు నన్ను అడుగుతూంటారు, "ఏవండీ, మీ సర్వీసులో మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టిన పని ఏదండీ?" అని. ఏ కలెక్టరు క్యాంపో, ఏ లెక్కల తనిఖీయో చెబుతానని వాళ్ల ఆశ. నేను చెప్పే జవాబు వినగానే నాకు ఎండదెబ్బ తగిలిందనుకుంటారు. నాయనా, నా ప్రాణం తీసిన పని ఒక్కటే. అమెరికాలో నెబ్రాస్కా అనే రాష్ట్రం చరిత్రని ఏలూరులో కూర్చుని భద్రపరచడం.

అప్పటికి నేను తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు గుమాస్తాగిరీ వదిలి, ఏలూరులో ఒక అమెరికా మిషను ఆఫీసులో రైటరుగా చేరి కొన్నేళ్లయింది. పనికి పెద్ద కష్టం లేదు. ఉత్తరాలు టైపు చెయ్యడం, బడి పిల్లల హాజరు కాగితాలు సర్దడం, మిషను పనులు చూసే చిన్న దొరగారికి తెలుగు అర్థం కాకపోతే చెప్పడం, అర్థమైపోతుందేమోనని భయమేస్తే ఇంకోలా చెప్పడం.

ఆ మిషనులో ఒక పెద్ద దొరసానమ్మ గారు ఉండేవారు. పడుచుతనంలో ఓడ దిగి వచ్చి, ఆడపిల్లల బడి పెట్టి, ఇక్కడే ముసలివారయ్యారు. రెండు కళ్లకీ పొర కమ్మేసింది. చూడటానికి దొరసాని గానీ మాట్లాడితే మన పెరవలి పెద్దమ్మే. "ఏవండీ రైటరు గారూ, కాస్త మజ్జిగ పుచ్చుకుంటారా?" అని గోడవతల నుంచి వినిపిస్తే, ఇంగ్లీషు మనిషని పోల్చుకోవడం కష్టం.

ఒక వేసవి మొదట్లో ఆవిడకి, తను చిన్నప్పుడు పెరిగిన నెబ్రాస్కా రాష్ట్రం నుంచి, అక్కడి చరిత్ర సంఘం వారి కబురొచ్చింది. చిన్న దొరగారు చదివి వినిపించారు. ఆ రోజుల్లో అక్కడ వరసగా వానల్లేక పొలాలన్నీ దుమ్మయి లేచిపోతున్నాయట. వాటితోపాటు పాత పల్లెల ఆనవాళ్లూ పోతున్నాయట. అందుకని మొదట వచ్చి కాపరం పెట్టినవాళ్లలో బతికున్నవాళ్లు ఎక్కడెక్కడున్నా వెతికి, వాళ్ల జ్ఞాపకాలన్నీ పుస్తకంగా వేస్తారట. ఊరు ఎక్కడుందో గట్టిగా తెలిస్తే అక్కడ ఒక రాయి పాతుతారట. దొరసానమ్మ గారు చిన్నప్పుడు ఉన్న పల్లె మనుషుల్లో ఇక మిగిలింది ఈవిడొక్కరే. ఈవిడ చెప్పకపోతే ఆ పల్లె లేనట్టే.

నాకు మొదట నవ్వొచ్చింది. నిన్నగాక మొన్న పుట్టిన రాష్ట్రం. మా కామవరపుకోట మేనత్తగారి ఆవకాయ జాడీకి అంతకన్నా పాత చరిత్ర ఉంటుంది. అప్పుడే పోతోందని వీళ్ల గోల.

దొరసానమ్మ గారు నవ్వలేదు. "మా అమ్మని అక్కడే పెట్టామండీ," అన్నారు. "పైన కర్ర శిలువ ఒకటి ఉండేది. అది ఎప్పుడో పోయుంటుంది. ఇప్పుడు మట్టి కూడా పోతోందంటున్నారు."

అంతే. మర్నాడు వరండాలో టైపు మిషను పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ పడక్కుర్చీలో కూర్చుని మొదలెట్టారు. రెండు మాటలు చెప్పి ఆగిపోయారు. చూశాను. ఇంకో మాట చెప్పారు. మళ్లీ ఆగారు.

"ఏవండీ, ఆగిపోయారు?"

"మీరు ఊఁ అనడం లేదు కదండీ."

"నేను టైపు చేస్తున్నానండీ."

"అది టకటకమంటోంది. ఊఁ అనడం లేదు."

ఇన్నేళ్లు మన ఆడపిల్లల మధ్య బతికి, మన అరుగుల మీద కథలు విని, ఆవిడకి మన జబ్బు పట్టుకుంది. ఎదటివాళ్లు ఊఁ కొడితే తప్ప నోట్లోంచి కథ కదలదు. పోనీ ఇంగ్లీషులో చెప్పండి, ఇంగ్లీషువాళ్లు ఊఁ కొట్టుకోరు కదా అన్నాను. ప్రయత్నించారు. "ఇంగ్లీషులో అయితే మా నాన్న చెప్పినట్టు వస్తోందండీ. వచ్చాం, ఉన్నాం, వెళ్లాం. అంతే వస్తోంది," అన్నారు.

నేనే ఊఁ కొట్టాను. "మీ ఊఁ వద్దండీ," అన్నారు మెల్లిగా. "మీరు దేనికైనా ఊఁ అంటారు. మీ ఊఁ మీద నాకు నమ్మకం లేదు." చిన్న దొరగారిని కూర్చోబెట్టాం. ఆయన మన తెలుగు పాత పుస్తకాల్లోంచి నేర్చుకున్నారు. ప్రతి మాటకీ "అటులనా!" అని, గడియారం చూసుకున్నారు. ఆవిడ నోరు మూసుకున్నారు.

చివరికి ఆయాని పిలిచారు.

ఆ ఆయా కొల్లేటి లంక మనిషి. పడుచు వయసులోనే ఆ బంగళాకి వచ్చి, దొరసానమ్మ గారి వంటా, మంచమూ, మందులూ చూస్తూ అక్కడే ఉండిపోయింది. నోటికి అడ్డూ ఆపూ లేదు. బియ్యం చేట ఒళ్లో పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చునేది. దొరసానమ్మ గారు తెలుగులో ఆయాకి చెప్పాలి, ఆయా ఊఁ కొట్టాలి, నేను చెవిలో పడ్డ తెలుగుని వేళ్ల మీద ఇంగ్లీషు చేసి కొట్టాలి. ఇదీ ఏర్పాటు. ప్రపంచంలో ఏ రాష్ట్రం చరిత్రా ఇలా తయారై ఉండదు.

"మా ఇల్లు మట్టిదే, ఆయా. కలపకి చుట్టుపక్కల ఒక్క చెట్టూ లేదు. గడ్డి నేలని నాగలితో ఇటుకల్లా, వేళ్లతో సహా కోసేవాళ్లు. అవి ఒకదాని మీద ఒకటి పేర్చి గోడలు. కప్పు మీద కూడా అదే మట్టి."

"అంటే పుట్టలో ఉన్నారన్నమాట."

"ఇంచుమించు."

"మరి పాములో?"

"కప్పులోంచి పడేవి. మంచం మీద."

"ఊఁ."

"వాన వెలిసిపోయాక కూడా లోపల కారుతూనే ఉండేది. అమ్మ ఒక చేత్తో పొయ్యి మీద గొడుగు పట్టుకుని, ఒక చేత్తో వండేది."

"ఊఁ. మా లంకలోనూ అంతేనండి. మాకు గొడుగులెక్కడియ్యండి, చేట పట్టేవోళ్లం. మరి అమ్మగోరూ, చెట్టు లేదంటన్నారు. పొయ్యిలోకి పుల్లలో?"

దొరసానమ్మ గారు, "పిడకలు," అన్నారు.

ఆయా చేతిలో చేట వదిలేసి నవ్వింది. "మీరా? పిడకలా? అమ్మగోరూ, ఇన్నేళ్లూ ఈ మాట చెప్పలేదేంటండి నాకు?"

"ఎవరికీ చెప్పలేదు, ఆయా. బీడులో ఎండిపోయిన పేడ ఏరుకొచ్చేవాళ్లం. నేనూ మా అన్నా గోతాం పట్టుకుని వెళ్లేవాళ్లం. అమ్మ మొదట్లో పటకారుతో పట్టుకునేది. తర్వాత చేత్తో. ఆ తర్వాత చెయ్యి కడుక్కోకుండానే రొట్టె పిసికేది."

"ఊఁ," అంది ఆయా. అంత ఘనమైన ఊఁ నేను అంతకుముందు వినలేదు.

సాయంత్రం చిన్న దొరగారు ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. ఆయనది ఆ దేశంలోనే తూర్పున ఏదో పెద్ద పట్నం. "రైటరు గారూ, దీనిని తొలగింపుడు. మా దేశపు స్త్రీలు పేడను చేతబట్టియుండరు. చదువువారు ఏమనుకొందురు?"

"నేను కల్పించలేదండీ."

"తాము కల్పించుటయందు సమర్థులని వినియుంటిని."

చూశారా! నా పేరు అక్కడిదాకా పాకింది. నిజంగా కల్పించినప్పుడు ఎవరైనా మెచ్చుకున్నారా అంటే అదీ లేదు. ఆ ముందు రోజే నేను ఊరుకోలేక, ఇంత చరిత్రలో ఒక్క మంచి జంతువైనా లేకపోతే ఎలాగని, ఒక అడవిదున్న వచ్చి కిటికీలో తల పెట్టి పిల్లని చూసి వెళ్లిపోయినట్టు ఒక్క వాక్యం వేశాను. ఆయా దానికి సంతోషంగా ఊఁ కొట్టింది. దొరసానమ్మ గారు మాత్రం చదివించుకుని విని, "మేం వెళ్లేసరికి దున్నలు లేవండీ. ఎముకలే ఉన్నాయి," అన్నారు. కొట్టేయించారు. ఎముకలు! నేను సజీవంగా ఒక దున్నని తెచ్చిస్తే ఆవిడకి ఎముకలు కావాల్సొచ్చాయి.

పోనీ నేను అబద్ధమని తేల్చింది అయినా అబద్ధమైందా? ఒక ఏడాది మిడతలు వచ్చాయట. పైరు తిన్నాయి, సరే. తీగ మీద ఆరేసిన ఆకుపచ్చ గౌను తిన్నాయట. పార కర్ర కొరికేశాయట. రైలు పట్టాల మీద పరుచుకుంటే చక్రాలు జారి రైలు ఆగిపోయిందట. ఇంత పనివాణ్ణి, అబద్ధం వాసన నాకు తెలియదా? మర్యాదగా ఆ పేరా మొత్తం ఎగరగొట్టాను. దొరసానమ్మ గారు పసిగట్టి, "మిడతలేవండీ?" అన్నారు. "అవి కాస్త ఎక్కువయ్యాయండీ," అన్నాను. "మాక్కూడా ఎక్కువయ్యాయండీ," అన్నారు. మళ్లీ కొట్టాను.

ఇలా నా దున్న పోయి, ఆవిడ మిడతలు నిలిచి, పిడకల సంగతి తగువులో ఉండగా, కథ చలికాలంలోకి వచ్చింది. అక్కడ ఆగింది. గట్టు తగిలిన నీళ్లలా ఆగింది.

"ఆ రోజు పొద్దున్న ఎండగానే ఉంది. మధ్యాహ్నానికి మంచు పడటం మొదలెట్టింది."

"ఊఁ. మాఘమాసంలో మాకూ పడుద్దండి. పొద్దున్నే కొల్లేరంతా పొగపొగగా."

"ఆ మంచు కాదు, ఆయా. తెల్లగా, దూదిలా, ఆకాశం నుంచి రాలుతుంది. నేల మీద పేరుకుంటుంది. మోకాలెత్తు, నడుమెత్తు. తలుపు తెరుచుకోదు."

ఊఁ లేదు.

"ఆయా?"

"వడగళ్లాండి?"

"వడగళ్లు కాదు. మెత్తగా ఉంటుంది. చప్పుడు కూడా చెయ్యదు."

"చప్పుడు చెయ్యకుండా తలుపు మూసేసే వానేంటండి, అమ్మగోరూ? మీరు చిన్నపిల్ల అప్పుడు. కలొచ్చుంటది."

నేను ఆయాని బతిమాలాను. నీ సొమ్మేం పోయింది, ఊఁ అను అన్నాను. "నమ్మందానికి ఊఁ అంటే పాపం గదండి, రైటరుగోరూ. మీకలవాటు గానీ," అంది. గుడిలో పాస్టరు గారు చదివే వాక్యంలో హిమం మాట వస్తుందిగా అన్నాను. "అది పరలోకం సంగతండి. అక్కడేదైనా పడుద్ది," అంది.

దొరసానమ్మ గారు కూడా మొండికేశారు. "ఇన్నేళ్లూ నేను చెప్పినవన్నీ ఈ మనిషి నమ్మింది. ఈ ఒక్కటీ నమ్మకపోతే నేనెలా చెప్పనండీ? ఆ తర్వాతది ఇంకా కష్టం," అన్నారు. ఆ తర్వాతది అంటే వాళ్లమ్మ పోవడం. సమాధి ఎక్కడో చెప్పవలసిందీ అక్కడే. నెబ్రాస్కా రాష్ట్ర చరిత్ర మొత్తం ఒక లంక ఆయా నాలిక మీద కూర్చుంది, అది ఊఁ అనదు.

ఇక నేనే దిగాను. ఏలూరు బజారులో సోడా షాపువాడు బెజవాడ నుంచి రంపపు పొట్టులో ఐసు తెప్పించేవాడు. ఒక గడ్డ గోనెపట్టాలో చుట్టుకుని, నా పంచె తడిసి ముద్దవుతుంటే పరుగున తెచ్చి ఆయా చేతిలో పెట్టాను. "కెవ్వు" మంది. తర్వాత తిప్పి తిప్పి చూసి, "ఇది పైనుంచి పడుద్దాండి? తల బద్దలవ్వదా? మెత్తగా ఉంటదన్నారు గదా?" అంది. మిగిలిన ముక్క మజ్జిగలో వేసుకుని తాగింది.

వారం తిరక్కుండా చిన్న దొరగారి పని మీద తాడేపల్లిగూడెం వెళుతూ ఆయాని రైలెక్కించుకుని తీసుకుపోయాను. నా పాత రైసుమిల్లు వెనక ఊక గొట్టం ఉంటుంది. గాలి తిరిగినప్పుడు ఊక ఆకాశానికి లేచి చప్పుడు లేకుండా రాలుతుంది. కుప్పలు నడుమెత్తు పేరుకుని, వెనక తలుపు నిజంగానే తెరుచుకోదు. ఆయాని అక్కడ నిలబెట్టాను. "చూడు! మెత్తగా ఉందా? పైనుంచి పడుతోందా? తలుపు మూసుకుపోయిందా?" మా పాత మేస్త్రీ ఈవిడెవరు, ఈయనకేమైందన్నట్టు చూస్తున్నాడు. ఆయా జుట్టులో ఊక దులుపుకుంటూ, "వెచ్చగా ఉందండి," అంది. "మీరు చూపించిన చల్లంది మెత్తగా లేదు, మెత్తంది చల్లగా లేదు. అమ్మగోరు రెండూ ఒకటేనంటారు. పైగా ఇక్కడ మిల్లుంది. ఆకాశంలో మిల్లెవరు పెట్టారండి?"

తిరుగు రైల్లో ఆమెతో మాట్లాడలేదు.

ఇంతలో టపా రోజు రానే వచ్చింది. ఆ సాయంత్రం మెయిలు రైలుకి వెయ్యకపోతే ఓడ అందదు. ఓడ అందకపోతే పుస్తకంలో చోటుండదని సంఘం వారు ముందే రాశారు. చిన్న దొరగారు మధ్యాహ్నం వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "అమ్మా, నేడు ముగింపవలయును. లేనియెడల, 'తల్లిగారి సమాధి స్థలము జ్ఞప్తియందు లేదు' అని నేనే వ్రాసి పంపెదను."

దొరసానమ్మ గారు ఆయన వైపు తిరిగారు. ఆ కళ్లకి ఆయన కనపడరు. "జ్ఞాపకం లేకపోవడమా?" అన్నారు. అంతే. గొంతు ఎత్తలేదు.

ఆయా గుమ్మం దగ్గర బియ్యం ఏరుతోంది. నేను కొత్త కాగితం ఎక్కించి, ఇవాళ ఆయా ఊఁ అనకపోతే నేనే చేటలో తల పెట్టి చస్తానని మనసులో అనుకుంటున్నాను. దొరసానమ్మ గారు మొదలెట్టారు. మంచు మాట ఎత్తలేదు.

"మా నాన్న ఇంటి గుంజకి తాడు కట్టాడు, ఆయా. రెండో కొస పశువుల పాకకి కట్టాడు."

"ఊఁ," అంది ఆయా. తల ఎత్తకుండానే.

నా వేళ్లు మిషను మీద నిలిచిపోయాయి. మళ్లీ తేరుకుని కొట్టాను.

"గాలి. కళ్లు తెరిచినా, మూసినా ఒకటే. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. ఇల్లెటో, పాకెటో తెలీదు. తాడు పట్టుకుని వెళ్లాలి, తాడు పట్టుకుని రావాలి."

"ఊఁ."

"ఆ రోజు నాన్న ఊళ్లో లేడు. ఆవు ఈనడానికుంది. అమ్మ వెళ్లింది. గుంజ దగ్గర నన్ను నిలబెట్టి, తాడు మీద చెయ్యి వేసి ఉంచు, కదులుతోందంటే నేను వస్తున్నట్టే అంది."

"ఊఁ."

"కదులుతోంది. చాలాసేపు కదిలింది. తర్వాత తాడు వదులైపోయింది."

ఊఁ రాలేదు.

ఇంతదాకా వచ్చి! నేను కుర్చీలోంచి లేచాను. "ఆయా, నీకు దణ్ణం పెడతాను, ఊఁ అనవే తల్లీ!" అని అరిచాను. చూస్తే ఆమె చేతులు బియ్యంలో అలాగే ఉన్నాయి.

"వదులవుద్దండి," అంది ఆయా. "నాకు తెలుసు."

అప్పుడు దొరసానమ్మ గారు మిగిలింది ఒక్క బిగిని చెప్పేశారు. అటు కొస పాక దగ్గర ఊడిపోయింది. గాలి ఆగాక, ఇంటికీ పాకకీ సగం దారిలో, తలుపులోంచి పిలిస్తే వినపడేంత దూరంలో అమ్మ దొరికింది. నేల రాయిలా గడ్డకట్టి గునపం దిగలేదు. నాన్న వచ్చి, దొరికిన చోటే మంట వేసి నేల కరిగించాడు. చలికాలమంతటికీ దాచుకున్న పిడకలన్నీ అక్కడే కాల్చేశాడు. "ఆ తర్వాత ఇంట్లో మాకు నిప్పు లేదు," అన్నారు. "వాగుకి పడమటి గట్టున. పైమట్టి గాలికి పోతే పోనీయండి. ఆ మంట వేసిన చోట నేల ఎర్రగా కాలి ఉంటుంది. ఆ ఎరుపు పోదు. అది చూసుకోమని రాయండి."

గుమ్మంలో నిలబడ్డ చిన్న దొరగారు లోపలికి వచ్చారు. నేను కాగితం తీస్తుంటే మెల్లిగా, "రైటరు గారూ, పిడకలను ఉండనిండు," అన్నారు.

తర్వాత ఆయా తనంతట తనే తన సంగతి ఎత్తుకుంది. ఈసారి ఊఁ కొట్టవలసింది దొరసానమ్మ గారు. కొల్లేరు పొంగిన ఏడు, లంక చుట్టూ నీళ్లూ ఆకాశమూ కలిసిపోయాయట. ఆయా మొగుడు గుడిసె గుంజకి మోకు కట్టి, రెండో కొస నడుముకి చుట్టుకుని, గేదెల కోసం దోనెలో వెళ్లాడట. మోకు మీద ఈమె చెయ్యి. కాసేపటికి మోకు వదులైందట. ఇక లేడనుకుందట. తెల్లారేసరికి ఆ మహానుభావుడు పెద్ద గేదె మీద కూర్చుని, రెండో గేదె తోక పట్టుకుని, నెత్తి మీద ఒక గూడకొంగతో సహా ఈదుకుంటూ వచ్చాడట! వస్తూనే, "గంజేమన్నా ఉందా?" అన్నాడట. దొరసానమ్మ గారు పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే కవరు అంటించి స్టేషనుకి పరిగెత్తాను. మెయిలు అందింది.

ఏడాది దాటాక పుస్తకం వచ్చింది, ఒక ఫోటోతో. దుమ్ము లేచిపోయిన బీడులో, వాగుకి పడమర, పళ్లెమంత మేర నేల రంగు మారి ఉందట. దాన్ని బట్టే చోటు పట్టుకున్నారట. పక్కన కొత్త రాయి నిలబెట్టి ఉంది. చిన్న దొరగారు పేజీ చదువుతుంటే పాములూ, గొడుగూ, మిడతలూ, పిడకలూ అన్నీ వరసగా వచ్చాయి. దున్న మాత్రం లేదు. ఇప్పటికీ నాకా బెంగ పోలేదు.

దొరసానమ్మ గారికి ఫోటో కనపడదు. ఆయా ఆవిడ వేలు పట్టుకుని రాయి మీద పెట్టింది.

"ఇక్కడండి, అమ్మగోరూ."

"చుట్టూ తెల్లగా ఉందా, ఆయా?"

"లేదండి. దుమ్మే."

"చలికాలంలో ఉంటుంది."

"ఊఁ," అంది ఆయా.

ఇదీ నేను చేసిన చరిత్ర పరిరక్షణ. కుర్రాళ్లు నేర్చుకోవలసింది ఏమైనా ఉంటే వాళ్లే ఏరుకోవాలి. నా వేళ్లకి వాతం పట్టి ఉద్యోగం మానేశాక ఆ బంగళా వైపు వెళ్లలేదు. దొరసానమ్మ గారూ లేరు, ఆయా కూడా లేదు.

కొండ వైపు తిరిగి ప్రమాణం చేశాను గనక, కలిపింది ఏదో చెప్పకుండా వదిలితే వెంకన్న ఊరుకోడు. నెబ్రాస్కా అంతా నిజం. మిడతలు నిజం, పాములు నిజం, చప్పుడు లేకుండా తలుపు మూసేసే మంచు నిజం. అవి అచ్చులోనే ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు. నేను కల్పించింది గేదె. ఆ దోనె, ఆ కొంగ, ఆ గంజి అడగడం, అన్నీ నావే. పొంగిన కొల్లేరూ, గుంజా, మోకూ కూడా నావే.

"వదులవుద్దండి, నాకు తెలుసు" అన్నంతవరకూ నేను విన్నాను. దొరసానమ్మ గారు చెప్పడం ముగించగానే కాగితాలు లాక్కుని, మెయిలు దాటిపోతుందని కంగారుగా ఆఫీసు గదిలోకి వచ్చేశాను. కవరు మీద అడ్రసు కొడుతుంటే, గోడవతల ఆయా ఏదో చెబుతోంది. మాటలు తెలియలేదు. తెలుసుకోవాలని ఆగలేదు కూడా. అది రాసి పంపమని ఏ సంఘమూ అడగలేదు గదా. ఆ ఆయాకి మొగుడున్నాడో లేడో మిషనులో మేమెవరం ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు.

వినపడినవి దొరసానమ్మ గారి ఊఁలు మాత్రమే. ఒకటి తర్వాత ఒకటి, నిదానంగా. ఒకచోట అవి ఆగిపోయాయి. నేను తపాలా బిళ్లలు అంటించి, లక్క వేసి, గొడుగు తీసుకుని వెళ్లిపోయేదాకా మళ్లీ వినపడలేదు.

ఆవిడ ఆయా మాట నమ్మకపోవడం నేనెప్పుడూ చూడలేదు.